యాంటీవైరస్ రెన్యువల్ కట్టాలా, వద్దా?

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. పాత ల్యాప్‌టాప్ ఉన్న ప్రతి ఇంట్లోనూ అప్పట్నుంచీ ఒకే సందేహం: ఒక మంచి యాంటీవైరస్ కొనిపడేస్తే సరిపోతుందా? షాపువాళ్లు ఒకటి చెబుతారు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్న పిల్లలు ఇంకోటి చెబుతారు. ఎవరి మాటా పూర్తిగా వినే తీరిక ఎవరికీ ఉండదు. అందుకే ఇద్దర్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి పూర్తిగా మాట్లాడనిచ్చాను. ఒకరు గుంటూరు బ్రాడీపేటలో ఉండే రిటైర్డ్ బ్యాంకు మేనేజరు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ లెక్కలు, పెన్షన్ కాగితాలు, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు, కొడుకు పెళ్లి ఫొటోలు అన్నీ ఆయన ల్యాప్‌టాప్‌లోనే ఉంటాయి. రెండోవారు ఆయన మేనకోడలు. హైదరాబాద్‌లో ఒక కంపెనీ కంప్యూటర్ల మీద రాత్రీ పగలూ కన్నేసి ఉంచే బృందంలో పనిచేస్తుంది. ఆయన యాంటీవైరస్ గడువు దగ్గరపడింది. కట్టితీరాలని ఆయన పట్టు, విండోస్‌తో ఉచితంగా వచ్చే డిఫెండర్ ఉండగా అక్కర్లేదని ఆమె వాదన.

మావయ్య: ఏడాదికి వెయ్యి రూపాయల పైచిలుకు ఖర్చమ్మా ఇది. దీనికింత చర్చ దేనికి? ఏటా కడుతున్నాను, ఇప్పటిదాకా ఏ గొడవా రాలేదు. నడుస్తున్న బండిని ఆపి చూడటమెందుకు?

మేనకోడలు: డబ్బు గురించి కాదు మావయ్యా. అది కట్టేశాక మీరు నిశ్చింతగా ఉంటున్నారు చూడండీ, అదీ నా భయం. నిన్న మీ ల్యాప్‌టాప్ తెరిచి చూశాను. యాంటీవైరస్ పక్కన ఆకుపచ్చ టిక్కు వెలుగుతోంది. విండోస్ అప్‌డేట్ చూస్తే నెలల తరబడి ఆగిపోయి ఉంది. ఆ టిక్కు చూసి అంతా బాగానే ఉందనుకున్నారు మీరు.

మావయ్య: అప్‌డేట్ పెడితే గంటసేపు నీలం తెర తిరుగుతూ కూర్చుంటుంది. మధ్యలో కరెంటు పోతే ఏమవుతుందోనని వాయిదా వేశాను. యాంటీవైరస్ మాత్రం తన పని తను చేసుకుపోతుంది, నన్ను విసిగించదు. ఇంకో మాట చెబుతా విను. బ్యాంకులో ఓచరు రాసినవాడే దాన్ని పాస్ చెయ్యకూడదు. ఒకరు రాయాలి, ఇంకొకరు సరిచూసి సంతకం పెట్టాలి. ఎంత నమ్మకస్తుడైనా సరే, నియమం నియమమే. నువ్వేమో విండోస్ తయారుచేసినవాళ్లే దానికి కాపలా కూడా కాస్తారంటున్నావు. వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో చిల్లులు వాళ్లే వెతికి, వాళ్లే సర్టిఫికెట్ ఇచ్చుకోవడమా? బయటివాడు ఒకడు ఉండాలమ్మా.

మేనకోడలు: ఉండాలి, ఒప్పుకుంటాను. కానీ ఆ బయటివాళ్లు మీకు ప్యాకెట్ అమ్మే కంపెనీవాళ్లు కారు. జర్మనీలో మాగ్డెబర్గ్‌లో ఏవీ-టెస్ట్ అని ఒక ల్యాబ్ ఉంది. ఆస్ట్రియాలో ఇన్స్‌బ్రక్‌లో ఏవీ-కంపారెటివ్స్ అని ఇంకోటి ఉంది. వీళ్లు అసలైన వైరస్‌లు తెచ్చి, అన్ని కంపెనీల యాంటీవైరస్‌ల మీదా ప్రయోగించి, ఏది ఎన్ని పట్టిందో ప్రకటిస్తారు. ఏవీ-టెస్ట్‌వాళ్లు రక్షణకి 6, వేగానికి 6, వాడుకలో ఇబ్బంది పెట్టకుండా ఉండటానికి 6, మొత్తం 18 మార్కులకి దిద్దుతారు. ఇటీవలి ఏళ్లలో విండోస్‌తో వచ్చే డిఫెండర్‌కి రక్షణలో ఆరుకి ఆరు చాలాసార్లు వచ్చాయి. డబ్బు పెట్టి కొనే పేరున్న వాటికీ అంతే వస్తున్నాయి.

మావయ్య: ఇటీవలి ఏళ్లలో అంటున్నావు. మరి అంతకుముందో? ఉచితంగా వచ్చేదాన్ని నమ్మొద్దని మాకు ఊరికే చెప్పలేదు కదా.

మేనకోడలు: ఊరికే చెప్పలేదు, నిజమే చెప్పారు. విండోస్ 7 రోజుల్లో మైక్రోసాఫ్ట్ సెక్యూరిటీ ఎసెన్షియల్స్ అని ఉచితంగా ఇచ్చేవారు. 2012 చివర్లో అది ఏవీ-టెస్ట్ సర్టిఫికెట్ కూడా తెచ్చుకోలేకపోయింది. ఆ రోజుల్లో కొనుక్కున్నవాళ్లదే తెలివి. 2012లో విండోస్ 8 వచ్చినప్పటినుంచీ డిఫెండర్ పూర్తి యాంటీవైరస్‌గా విండోస్‌లోనే భాగంగా వస్తోంది. తర్వాత దాని మీద చాలా పని జరిగింది. మీ నమ్మకం అప్పటి అనుభవంతో ఏర్పడింది మావయ్యా. అప్పటికి అది సరైందే.

మావయ్య: మరి ఇప్పుడు దాన్లో లోపాలేం లేవా? నిజం చెప్పు.

మేనకోడలు: ఉన్నాయి. నెట్ లేనప్పుడు దాని పట్టు తగ్గుతుంది. అనుమానం వచ్చిన ఫైలుని ఇంటర్నెట్‌లో తన సర్వర్లతో సరిచూసుకోవడం మీద అది బాగా ఆధారపడుతుంది. ఇన్స్‌బ్రక్ ల్యాబ్ నెట్ తీసేసి పెట్టే పరీక్షల్లో కొన్ని కంపెనీలు దానికంటే మెరుగ్గా కనబడతాయి. మీలాంటి పాత ల్యాప్‌టాప్‌లో పెద్ద ఫోల్డరు కాపీ చేస్తుంటే కాస్త నెమ్మదిస్తుంది కూడా.

మావయ్య: అదిగో! నా పని చాలావరకు నెట్ లేకుండానే జరుగుతుంది. అసోసియేషన్ కమిటీవాళ్లు పెన్‌డ్రైవ్ పట్టుకొస్తారు. ప్రింట్లు తీయించడానికి అదే పెన్‌డ్రైవ్ జిరాక్స్ షాపుకి వెళ్తుంది. ఆ షాపు కంప్యూటర్‌లో ఊళ్లో పెన్‌డ్రైవ్‌లన్నీ దూరి వచ్చి ఉంటాయి. ఒకసారి ఏమైందో తెలుసా? తిరిగొచ్చాక ఇంట్లో పెట్టి చూస్తే ఫోల్డర్లన్నిటి మీదా చిన్న బాణం గుర్తు! నా యాంటీవైరస్ ఎర్ర పెట్టె చూపించి ఏదో పట్టుకుంది. అది లేకపోతే మెయింటెనెన్స్ లెక్కలన్నీ పోయేవి.

మేనకోడలు: ఆ బాణం గుర్తు వైరస్ గురించి చెప్పాలి మావయ్యా, మన జిరాక్స్ షాపుల్లో ఎక్కువగా తిరిగేది అదే. పెన్‌డ్రైవ్‌లో మీ ఫోల్డరు ఎక్కడికీ పోదు. వైరస్ దాన్ని కనబడకుండా దాచేస్తుంది. అదే పేరుతో, అదే పసుపుపచ్చ బొమ్మతో ఒక షార్ట్‌కట్ పెడుతుంది. మీరు దాన్ని రెండుసార్లు నొక్కగానే ముందు వైరస్ నడుస్తుంది, వెనకాలే మీ అసలు ఫోల్డరు తెరుచుకుంటుంది. ఫైళ్లు కనబడ్డాయి కదాని మీకు అనుమానమే రాదు. ఆ తర్వాత ఆ కంప్యూటర్‌లో ఏ పెన్‌డ్రైవ్ పెట్టినా అదే తంతు. చాలామంది భయపడి వెంటనే ఫార్మాట్ కొట్టేస్తారు. అక్కడే అసలు నష్టం జరిగేది, దాగి ఉన్న ఫైళ్లు కాస్తా ఫార్మాట్‌తో పోతాయి. ముందు స్కాన్ చేసి, కమాండ్ ప్రాంప్ట్‌లో అట్రిబ్ కమాండ్‌తో దాచిన గుర్తు తీసేస్తే అన్నీ బయటికొస్తాయి. మీ లెక్కలు పోయేవి కావు.

మావయ్య: ఆ కమాండ్లు నాకేం తెలుసు? పట్టుకున్నదా లేదా అన్నదే నాకు ముఖ్యం. పట్టుకుంది.

మేనకోడలు: పట్టుకుంది, కాదనను. ఎప్పటినుంచో తిరుగుతున్న ఆ పాత పురుగుల్ని డిఫెండర్ కూడా పడుతుంది. అయినా బయటి పెన్‌డ్రైవ్‌లు వారం వారం పెట్టే ఇంటికి ఇంకాస్త జాగ్రత్త కావాలన్న మీ మాట సరైందే. నేనైతే ప్రింటుకి పెన్‌డ్రైవ్ పంపనే పంపను. పీడీఎఫ్ చేసి షాపువాళ్ల వాట్సాప్‌కి పంపిస్తాను, వాళ్లు ప్రింటు తీసిపెడతారు. ఆధార్, పాన్ లాంటివైతే దగ్గరుండి తీయించుకుని, వాళ్ల ఫోన్‌లోంచి ఫైలు డిలీట్ చేయిస్తాను.

మావయ్య: ఇంకోటి. ఈ యాంటీవైరస్ కంపెనీలు కొన్ని మన దేశంలోవి. ఒకటి పూణేది, ఒకటి చెన్నైది. మన పెన్‌డ్రైవ్‌ల్లో తిరిగే పురుగులు ముందు వాళ్లకే కనబడతాయి. ఎక్కడో అమెరికాలో కూర్చున్నవాళ్లకి గుంటూరు జిరాక్స్ షాపు సంగతి ఏం తెలుస్తుంది?

మేనకోడలు: మంచి కంపెనీలే. చెన్నై కె7 1991లో మొదలైంది. పూణే క్విక్ హీల్ యాంటీవైరస్ 1995లో డాస్ మీద పుట్టింది. కేంద్ర ప్రభుత్వం 2017 ఫిబ్రవరిలో సైబర్ స్వచ్ఛతా కేంద్రం పెట్టినప్పుడు జనానికి ఉచితంగా ఇచ్చిన శుభ్రం చేసే టూల్ క్విక్ హీల్‌దే. నేను వాళ్లని తక్కువ చెయ్యను. కానీ విండోస్ ప్రపంచంలో ఎక్కువ కంప్యూటర్లలో ఉంది కాబట్టి, డిఫెండర్‌కి అన్ని దేశాల పురుగులూ కనబడతాయి. గుంటూరువి కూడా.

మావయ్య: సరే. నా ప్యాకెట్ మీద టోటల్ సెక్యూరిటీ అని రాసి ఉంది. దాన్లో ఫైర్‌వాల్ కూడా ఉంది. అది తీసేస్తే దాని సంగతేంటి?

మేనకోడలు: విండోస్‌లో ఫైర్‌వాల్ ముందే ఉంది మావయ్యా. అది ఎందుకొచ్చిందో చెబితే దాని పనేంటో కూడా అర్థమవుతుంది. 2003 ఆగస్టులో బ్లాస్టర్ అని ఒక పురుగు వచ్చింది. మీరు ఏ మెయిలూ తెరవక్కర్లేదు, ఏ పెన్‌డ్రైవూ పెట్టక్కర్లేదు. విండోస్ ఎక్స్‌పీ ఉన్న కంప్యూటర్ నెట్‌కి తగిలితే చాలు, అదే లోపలికొచ్చేది. తెర మీద చిన్న పెట్టె వచ్చి అరవై సెకన్ల నుంచి వెనక్కి లెక్కపెట్టి కంప్యూటర్‌ని రీస్టార్ట్ చేసేసేది. మళ్లీ లేచాక మళ్లీ అంతే. అప్పటికి ఎక్స్‌పీలో ఫైర్‌వాల్ ఉంది, కానీ ఆఫ్‌లో ఉండేది. 2004లో సర్వీస్ ప్యాక్ 2తో దాన్ని మొదటినుంచీ ఆన్‌లో ఉండేలా మార్చారు. అప్పట్నుంచీ అలాగే వస్తోంది. బయటినుంచి పిలవకుండా వచ్చే కనెక్షన్‌ని అది ఆపేస్తుంది. దానికి ముందు మీ ఫైబర్‌వాళ్లు పెట్టిన రౌటర్ కూడా చాలావరకు ఆపుతుంది.

మావయ్య: మరి లోపల్నుంచి బయటికెళ్లేవి? నా ఫైళ్లు దొంగిలించి ఎవడో బయటికి పంపుతుంటే?

మేనకోడలు: విండోస్ ఫైర్‌వాల్ మామూలుగా బయటికెళ్లేవాటిని ఆపదు. కొనే ఫైర్‌వాల్‌వాళ్లు గొప్పగా చెప్పుకునేది దాన్నే. ఫలానా ప్రోగ్రాం నెట్‌కి వెళ్తానంటోంది, పంపాలా వద్దా అని మిమ్మల్ని అడుగుతుంది. ఆ పేరు ఎస్‌విసిహోస్ట్ అని ఉంటుంది. మీరేం నొక్కుతారు?

మావయ్య: తెలిస్తే కదా నొక్కడానికి.

మేనకోడలు: అదీ సంగతి. అది విండోస్ సొంత ప్రోగ్రామే, వద్దంటే నెట్ ఆగిపోతుంది. అలా నాలుగుసార్లయ్యాక ఎవరైనా సరే, ఏ ప్రశ్న వచ్చినా సరే అనే నొక్కుతారు. కావలసిన సమాచారం చేతిలో పెట్టకుండా అడిగే ప్రశ్న రక్షణ అవ్వదు. ఆ నిర్ణయం యాంటీవైరస్‌కే వదిలెయ్యడం మంచిది. ఫైర్‌వాల్ విషయంలో మీరు చెయ్యాల్సింది ఒకటుంది. రైల్వే స్టేషన్లో, హోటల్లో వైఫై కలిపినప్పుడు అది పబ్లిక్ నెట్‌వర్కా, ప్రైవేటా అన్నది సెట్టింగుల్లో ఎంచుకోవచ్చు. పబ్లిక్ అనండి. అప్పుడు ఆ వైఫైలో ఉన్న మిగతావాళ్లకి మీ కంప్యూటర్ కనబడదు. ప్రైవేట్ అన్నది ఇంటికి మాత్రమే.

మావయ్య: ఇంట్లో రౌటర్ ఎలాగూ ఆపుతుందంటున్నావు కదా.

మేనకోడలు: దాని పాస్‌వర్డ్ మార్చారా? కనెక్షన్ పెట్టినతను ఇచ్చిందే ఉందా?

మావయ్య: వైఫై పాస్‌వర్డ్ మార్చాను.

మేనకోడలు: నేనడిగేది రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్లే పాస్‌వర్డ్. అది చాలా ఇళ్లల్లో అడ్మిన్, అడ్మిన్ అనే ఉంటుంది. 2016లో మిరాయ్ అనే పురుగు అరవై చిల్లర అలాంటి పాస్‌వర్డ్‌ల జాబితా పట్టుకుని ప్రపంచమంతా కెమెరాల్లోకి, రౌటర్లలోకి దూరిపోయింది. మీ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర సీసీ కెమెరాకి కూడా అది మార్పించండి, సెక్రటరీగారికి చెప్పి.

మావయ్య: చెబుతాను. కానీ నువ్వు ఒక్కొక్కటీ పక్కకి జరుపుకుంటూ పోతున్నావు. రెండు ఉంటే ఒకటి కంటే మేలే కదా? డిఫెండరూ ఉండనీ, నాదీ ఉండనీ.

మేనకోడలు: రెండూ ఒకేసారి పనిచెయ్యవు మావయ్యా. మీది పెట్టగానే డిఫెండర్ పక్కకి తప్పుకుంటుంది, మీది తీసేస్తే తనే మళ్లీ వస్తుంది. బలవంతంగా రెండు పెడితే ఒకే ఫైలుని రెండూ పట్టుకుని లాగుతాయి, మెషీన్ స్తంభించిపోతుంది. పైగా యాంటీవైరస్ అంటే మామూలు ప్రోగ్రాం కాదు. కంప్యూటర్‌లో ప్రతి ఫైలూ చదివే హక్కు, దేన్నైనా తీసిపారేసే హక్కు దానికి ఇస్తున్నారు. అది తప్పు చేస్తే దాని మీద ఇంకెవరూ ఉండరు. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ అనే యాంటీవైరస్ కంపెనీ పంపిన ఒక అప్‌డేట్, ఎక్స్‌పీలోని అసలైన ఎస్‌విసిహోస్ట్ ఫైలునే వైరస్ అనుకుని తీసేసింది. కంప్యూటర్లు ఆగకుండా రీస్టార్ట్ అవుతూ కూర్చున్నాయి. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ అప్‌డేట్ ఒకటి తప్పుగా వెళ్లి 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడిపోయాయి. శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అది ఇళ్లల్లో వాడేది కాదు, నిజమే. కానీ కాపలా పెట్టేవాడికి ఎంత అధికారం ఇస్తున్నామో ఆ రోజు అందరికీ తెలిసింది.

మావయ్య: అలాంటివి ఎప్పుడో ఒకసారి జరుగుతాయి.

మేనకోడలు: ఇంకో రకం కూడా ఉంది. అవాస్ట్ అని పేరున్న ఉచిత యాంటీవైరస్. జనం ఏ వెబ్‌సైట్లు చూస్తున్నారో ఆ వివరాలు పోగుచేసి, జంప్‌షాట్ అనే తన అనుబంధ సంస్థ ద్వారా అమ్ముకుంది. బయటపడ్డాక 2020లో ఆ సంస్థని మూసేశారు. 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కోటీ అరవై అయిదు లక్షల డాలర్లు కట్టించింది. మీ ఆరోగ్యం గురించి, అప్పుల గురించి మీరు ఏం వెతికారో కూడా ఆ వివరాల్లో ఉంటుంది. కాపాడతానని లోపలికొచ్చి చూసినవి అమ్ముకోవడం నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం.

మావయ్య: చూశావా, అది ఉచితమైంది! నేను చెప్పేది అదే. డబ్బు తీసుకున్నవాడికి బాధ్యత ఉంటుంది. నేను ఖాతాదారుణ్ణి, నాకు జవాబు చెప్పాలి.

మేనకోడలు: ఆ తేడా ఒప్పుకుంటాను. బయటి ఉచిత యాంటీవైరస్‌ల కంటే డబ్బు కట్టిందే నయం. నేను పోల్చేది విండోస్‌తో వచ్చేదాంతో.

మావయ్య: ఇప్పుడు నేనడిగేదానికి నువ్వు జవాబు చెప్పాలి. రాత్రి ఎనిమిదింటికి నా తెర మీద ఏదో వచ్చిందనుకో. నువ్వు డ్యూటీలో ఉంటావు. నా కొడుకు డల్లాస్‌లో ఆఫీసు హడావిడిలో ఉంటాడు. డిఫెండర్‌కి ఫోన్ చేస్తే ఎవరెత్తుతారు? నా కంపెనీకి ఫోన్ చేస్తే ఒక మనిషి మాట్లాడుతుంది, నాకు అర్థమయ్యే భాషలో. లైను మీద ఉండి, ఏం నొక్కాలో ఒక్కొక్కటీ చెబుతుంది. నీకు వైరస్‌ల లెక్క తెలుసమ్మా. మీ అత్తయ్యా నేనూ ఈ ఇంట్లో ఇద్దరమే ఉంటామన్న సంగతి ఆ 18 మార్కుల్లో ఎక్కడుంది?

మేనకోడలు: ఎక్కడా లేదు. మీరు చెప్పినవాటన్నిట్లోకీ నాకు జవాబు లేనిది ఇదే. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు కొనుక్కుంటున్నది ఆ మనిషినే అయితే, ఆ వెయ్యి రూపాయలు దండగ అని నేననను. కానీ ఆ నంబరు ఎక్కడ చూస్తారు మీరు?

మావయ్య: గూగుల్‌లో కొడితే వస్తుంది.

మేనకోడలు: అక్కడే మునిగిపోయేది! గూగుల్‌లో పైన కనబడే కస్టమర్ కేర్ నంబర్లలో మోసగాళ్లవి బోలెడు. ప్యాకెట్ మీద ఉన్న నంబరో, ఆ ప్రోగ్రాంలోనే హెల్ప్ కింద ఉన్న నంబరో ఒక కాగితం మీద రాసి తెర పక్కన అంటించండి. ఇంకెక్కడిదీ వద్దు. నేను రోజూ చూసేవాటిలో ఇప్పుడు ఇళ్లల్లో డబ్బు పోతున్నది వైరస్ వల్ల తక్కువ, ఈ ఫోన్ల వల్ల ఎక్కువ. ఎలా జరుగుతుందో చెబుతాను. ఏదో సినిమా సైటో, జాతకాల సైటో చూస్తుంటారు. నోటిఫికేషన్లు పంపమంటారా అని బ్రౌజర్ అడిగితే అడ్డొస్తోందని అలౌ నొక్కేస్తారు. మర్నాటి నుంచీ తెర కింద మూల మీ కంప్యూటర్‌లో అయిదు వైరస్‌లున్నాయి, గడువు అయిపోయింది అని పెట్టెలు మొదలవుతాయి. అచ్చం మీ యాంటీవైరస్ రంగులే, బొమ్మే. దాన్ని నొక్కితే తెరంతా నిండిపోయి, గట్టిగా అలారం మోగి, ఈ నంబరుకి వెంటనే ఫోన్ చెయ్యండి అని వస్తుంది. చేస్తే చాలా మర్యాదగా మాట్లాడతారు. ఎనీడెస్క్ పెట్టుకోండి సార్, మేమే బాగుచేస్తాం అంటారు. ఆ తర్వాత రీఫండ్ ఇస్తాం, మీ బ్యాంకు సైటు తెరవండి అంటారు.

మావయ్య: అప్పుడు యాంటీవైరస్ అడ్డుకోదా?

మేనకోడలు: ఎందుకు అడ్డుకుంటుంది? ఎనీడెస్క్ దూరం నుంచి కంప్యూటర్‌ని నడిపే అసలైన ప్రోగ్రామే. మా ఆఫీసులో కూడా అలాంటివే వాడతాం. పెట్టుకున్నది మీరు, లోపలికి రమ్మన్నది మీరు, ఓటీపీ చెప్పింది మీరు. దాని దృష్టిలో అంతా సక్రమంగానే ఉంది. ఏ కంపెనీ యాంటీవైరస్ అయినా ఇక్కడ చెయ్యగలిగింది చాలా తక్కువ. ఆ పెట్టెలు రాకుండా ఉండాలంటే బ్రౌజర్ సెట్టింగుల్లో నోటిఫికేషన్స్ తెరిచి అక్కడ ఉన్న సైట్లన్నీ తీసెయ్యాలి. తెరంతా నిండిపోతే భయపడకుండా పవర్ బటన్ నొక్కిపట్టుకుని ఆర్పెయ్యండి, ఏమీ కాదు. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి. దొంగ ఖాతాలోంచి డబ్బు వేరే ఖాతాలకి వెళ్లకముందే ఆపగలిగితేనే తిరిగొస్తుంది. పరువు పోతుందని రాత్రంతా ఆలోచిస్తూ కూర్చోకూడదు.

మావయ్య: బ్యాంకులో ఇలా మోసపోయి వచ్చినవాళ్లని చూశాను. మొహం చూపించలేక, చెప్పడానికే సిగ్గుపడేవారు. ఆ మాట నువ్వు గట్టిగా చెప్పాలి అందరికీ. కానీ నేను ఫోన్లకి పడను. ఇంట్లోకి తెచ్చుకునే ఫైళ్ల సంగతి చెప్పు.

మేనకోడలు: మీ ల్యాప్‌టాప్‌లో పేజ్‌మేకర్, తెలుగు ఫాంట్లు ఉన్నాయి. అవి ఎక్కడివి?

మావయ్య: అసోసియేషన్ నోటీసులు తెలుగులో వెయ్యాలని డీటీపీ కుర్రాడు వేసిచ్చాడు.

మేనకోడలు: క్రాక్ చేసినవి. వేసేముందు యాంటీవైరస్ ఆపేశాడా?

మావయ్య: ఆపేశాడు. లేకపోతే ఎక్కదన్నాడు.

మేనకోడలు: ఇదే మావయ్యా నా వాదన మొత్తం. క్రాక్‌తో వచ్చే రీడ్‌మీ ఫైల్లో మొదటి లైను అదే ఉంటుంది: యాంటీవైరస్ ఆపి ఇన్‌స్టాల్ చెయ్యండి. మీరు వెయ్యి పెట్టి కొన్నా, పదివేలు పెట్టి కొన్నా దాన్ని ఆపేది మన చేతులే. ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగే రాన్సమ్‌వేర్ స్టాప్ అని ఒకటుంది, డిజావూ అని కూడా అంటారు. ఇళ్లల్లో కంప్యూటర్లని ఎక్కువగా దెబ్బతీసింది అదే. అది వచ్చేది ఇలాంటి క్రాకుల్లోంచే. మాకు తెలిసిన ఒక ఇంట్లో చూశాను. పిల్లవాడు ఒక గేమ్ క్రాక్ దించాడు. సాయంత్రానికి పెళ్లి ఫొటోలన్నిటి పేర్ల చివరా నాలుగక్షరాల వింత తోక. ఫొటో తెరిస్తే తెరవలేమంటుంది. ప్రతి ఫోల్డర్లోనూ ఒక చిన్న కాగితం లాంటి ఫైలు: 980 డాలర్లు కట్టండి, మూడు రోజుల్లో కడితే సగానికే ఇస్తాం. అది ఫైలు మొత్తాన్ని మార్చదు, మొదటి 150 కిలోబైట్ల దాకా తాళం వేసి వదిలేస్తుంది. తొందరగా పనైపోవాలి కదా దానికి. ఫొటోకి అంత చాలు, ఇక తెరుచుకోదు. ఆ ఇంటి పెద్దావిడ పోయి అప్పటికి ఏడాది కాలేదు. ఆవిడ ఫొటోలు అందులోనే ఉన్నాయి. వేరే కాపీ లేదు.

మావయ్య: అయ్యో. మరి డబ్బు కట్టినా రాలేదా?

మేనకోడలు: కట్టలేదు, కట్టొద్దని నేనే చెప్పాను. కొన్నిసార్లు ఉచితంగా విప్పే టూల్ పనిచేస్తుంది. వాళ్లకి పనిచెయ్యలేదు. ఆ ఇంట్లోనూ డబ్బు కట్టిన యాంటీవైరస్ ఉంది మావయ్యా, ఆ రోజు ఆపేసి ఉంది. అందుకే చెబుతున్నాను, నాలుగైదేళ్ల రెన్యువల్ డబ్బుతో ఒక బయటి హార్డ్ డిస్క్ వస్తుంది. నెలకోసారి తగిలించి, ఫొటోలూ లెక్కలూ కాపీ చేసి, వెంటనే పీకి బీరువాలో పెట్టెయ్యండి. తగిలించే ఉంచితే దానిక్కూడా తాళం పడుతుంది. తెలుగు నోటీసులకి క్రాకులెందుకు? మండలి, రామరాజ, పొన్నాల లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితం. లిబ్రే ఆఫీస్ ఉచితం. ఆ పేజ్‌మేకర్ తీసేద్దాం.

మావయ్య: తీసేద్దాం. హార్డ్ డిస్క్ కొంటాను. అది ఖర్చు కాదు, అవసరం. కానీ విండోస్ 10 సంగతి తేలలేదు. నా యాంటీవైరస్ కంపెనీ విండోస్ 10ని ఇంకా చూసుకుంటామంటోంది. ఈ ల్యాప్‌టాప్‌కి విండోస్ 11 ఎక్కదట. బాగా పనిచేస్తున్నదాన్ని పారేసి కొత్తది కొనాలా?

మేనకోడలు: కొనక్కర్లేదు, ఇప్పటికిప్పుడు. కానీ యాంటీవైరస్ చేసే పని వేరు, అప్‌డేట్ చేసే పని వేరు. విండోస్‌లో చిల్లు ఉంటే దాన్ని పూడ్చగలిగింది మైక్రోసాఫ్ట్ ఒక్కటే. డిఫెండర్‌కి వైరస్‌ల జాబితా 2028 అక్టోబర్ దాకా ఇస్తామన్నారు. మీ కంపెనీవాళ్లూ ఇస్తారు. ఆ జాబితాతో చిల్లు పూడదు. 2017 మే 12న వానాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు చూశాం కదా. మన గుంటూరు, కృష్ణా, చిత్తూరు, విశాఖ, శ్రీకాకుళం జిల్లాల్లో పోలీసు కంప్యూటర్లు తాళాలు పడి నిలిచిపోయాయి. ఆ చిల్లుకి మైక్రోసాఫ్ట్ మార్చి 14నే అప్‌డేట్ ఇచ్చేసింది. దాదాపు రెండు నెలల టైముంది. ప్రపంచం మొత్తమ్మీద దెబ్బతిన్నవాటిలో ఎక్కువ భాగం ఎక్స్‌పీలు కావు, అప్‌డేట్ వేసుకోని విండోస్ 7లు. వాటిలో చాలావాటికి యాంటీవైరస్ ఉండే ఉంటుంది.

మావయ్య: పోలీసు స్టేషన్లో కంప్యూటర్లు ఆగిపోయాయని పేపర్లో చదివాను, గుర్తుంది. మరి విండోస్ 10కి అప్‌డేట్లు ఆగిపోయాక నేనేం చెయ్యను?

మేనకోడలు: పూర్తిగా ఆగిపోలేదు. ఇళ్లల్లో వాడేవాళ్లకి ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్ అని 2026 అక్టోబర్ 13 దాకా ఇస్తామన్నారు. చేరాలి, అంతే. సెట్టింగుల్లో విండోస్ అప్‌డేట్ పేజీలో ఎన్‌రోల్ అని కనబడుతుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి, సెట్టింగుల బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు. వద్దనుకుంటే 30 డాలర్లు కట్టి చేరొచ్చు. ఆ గడువులోపు కొత్తదాని సంగతి ఆలోచిద్దాం.

మావయ్య: ఇది ఎవరూ చెప్పలేదే! రెన్యువల్ గురించి మాత్రం వారంలో మూడు మెసేజ్‌లు వస్తున్నాయి. సరే, ఇది ఈ రోజే చేయించు. పక్కనే యూపీఎస్ ఉంది, కరెంటు భయం కూడా లేదు. కానీ నా మాటా విను. ఈ ఏడాదికి రెన్యువల్ కడతాను. కమిటీ పెన్‌డ్రైవ్‌లు ఆగేదాకా, మీ అత్తయ్య ఒక్కతే ఇంట్లో ఉన్నప్పుడు ఫోన్ చెయ్యడానికి ఒక మనిషి ఉండేదాకా అది నాకు కావాలి. నీ 18 మార్కుల కంటే నాకు అదే పెద్ద మార్కు.

మేనకోడలు: కట్టండి. ఆటో రెన్యువల్ మాత్రం తీసేసి కట్టండి. వచ్చే ఏడు మీరే నిర్ణయించుకోవాలి, మీ కార్డు కాదు.

మావయ్య: అది నాకు చెప్పాలా? కార్డులోంచి అలా కోసుకోవడానికి 24 గంటల ముందే కబురు పెట్టాలన్న రూల్‌ని రిజర్వ్ బ్యాంకు 2021లో అమల్లోకి తెచ్చింది. ఆ మెసేజ్ రాగానే ఆపించడం నాకు తెలుసు.

నా అభిప్రాయం అడిగితే, అప్‌డేట్లు సక్రమంగా వేసుకునే ఇంటికి, అడిగితే చెప్పే మనిషి దగ్గర్లో ఉన్న ఇంటికి విండోస్‌తో వచ్చిన డిఫెండరూ ఫైర్‌వాలూ చాలు. అలాంటి మనిషి లేని పెద్దవాళ్లకి మాత్రం మావయ్య నిర్ణయమే సరైందంటాను. మీ ఇంట్లోనో, ఊళ్లో అమ్మానాన్నల దగ్గరో విండోస్ 10 ల్యాప్‌టాప్ ఉంటే, ఏ యాంటీవైరస్ కొనాలని షాపుకి వెళ్లకముందే సెట్టింగుల్లో విండోస్ అప్‌డేట్ పేజీ ఒకసారి తెరిచి చూడండి. ఆఖరి అప్‌డేట్ తేదీ అక్కడి అప్‌డేట్ హిస్టరీలో కనబడుతుంది.